ట్రయల్‌కు వెళ్లేముందు ఫైలు సర్దుకోండి

సంపాదకులకు,

ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు క్లినికల్ ట్రయల్‌లో (కొత్త చికిత్సను రోగులపై పరీక్షించే అధ్యయనంలో) చేరదామని గుంటూరు, విజయవాడల నుంచి వెళ్లేవారు కొందరు తాజా పీఎస్‌ఏ (ప్రోస్టేట్ జబ్బు తీరు తెలిపే రక్తపరీక్ష) కాగితం ఒక్కటే పట్టుకెళ్తారు. చాలదు. పాత పీఎస్‌ఏ అంకెలు తేదీలతో సహా, బయాప్సీ బ్లాకులు (పరీక్షకు తీసి మైనంలో భద్రపరచిన కణజాల ముక్కలు), ఎముకల స్కాన్, హార్మోన్ ఇంజెక్షన్ల తేదీలు కావాలి. ఈ ఇంజెక్షన్లు తగ్గించే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్ రక్తంలో డెసిలీటరుకు 50 నానోగ్రాముల లోపున్నా జబ్బు పెరిగితేనే హార్మోన్ చికిత్సకు లొంగని దశ అంటారు. ఇంజెక్షన్ ఆలస్యమైతే ఆ హార్మోన్ మళ్లీ పెరిగి ఈ లెక్కే తారుమారు కావచ్చు. ట్రయల్‌లో చేరేలోగా అబిరాటిరోన్ (పురుష హార్మోన్ తయారీని అడ్డుకునే మాత్ర) మొదలుపెడితే కొన్ని ట్రయల్స్‌కు పనికిరారు. అలాగని డాక్టర్‌ను అడగకుండా ఏ మందూ ఆపొద్దు. పసరు మందులు వాడుతుంటే అదీ చెప్పాలి, మనవాళ్లు దాచేది ఇదే. ట్రయల్ సీటీఆర్‌ఐలో (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ ప్రభుత్వ రిజిస్ట్రీలో) నమోదైందో లేదో చూడండి. సమ్మతి పత్రం తెలుగులోనే అడగండి. సంతకం పెట్టాక కూడా ఎప్పుడైనా మానుకోవచ్చు.

– క్యాన్సర్ వైద్య సిబ్బంది, గుంటూరు