మే దాకా ఆగకు

బసవనగుడి, బెంగళూరు

చిట్టితల్లికి,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోనులో నువ్వు “ఈ ప్రాజెక్టు ఒడ్డెక్కాక మే నెలలో వస్తాను నాన్నా” అంటే సరేనన్నాను. అమ్మ పక్కనే ఉంది కాబట్టి అలా అన్నాను. మే నెల నాకు సమ్మతం కాదు. ఆ మాట ఫోనులోనే చెప్పేవాణ్ని. కానీ నువ్వు ఒక పక్క “ఊఁ” కొడుతూనే ఇంకో పక్క కంప్యూటర్ మీటలు నొక్కుతుంటావు, ఆ టకటకలు నాకు వినిపిస్తూనే ఉంటాయి. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఒకే ఊళ్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. వైట్‌ఫీల్డ్ నుంచి నువ్వు వచ్చే తీరు చూస్తే పొరుగు జిల్లాకు రాస్తున్నట్టే ఉంది.

బ్యాంకులో ఉన్నన్నాళ్లూ మార్చి అంటే నాకు సంవత్సరాంతపు లెక్కలే. ఆ నెలలో సెలవు అడగాలంటే గుండె ధైర్యం కావాలి. కంప్యూటర్లు రాని రోజుల్లో 31వ తేదీ రాత్రి లెడ్జర్లు సరిచూసి, తేడా వచ్చిన రూపాయి ఏ పద్దులో దాక్కుందో పట్టుకుని ఇల్లు చేరేసరికి పాలవాడు ఎదురయ్యేవాడు. ఈ ఊరి మార్చిని పట్టపగలు తీరిగ్గా చూసింది రిటైరయ్యాకే.

ఫిబ్రవరిలో మొదలవుతుంది సందడి. ఆకు రాల్చిన టబెబూయా చెట్లు నిలువెల్లా గులాబీ రంగులోకి మారిపోతాయి. వెనకే జకరండా ఊదా రంగు, ఏప్రిల్లో తురాయి ఎరుపు, రేల పసుపు. ఒక చెట్టు పూత ముగిసేలోగా ఇంకోటి అందుకునేలా ఎంచి నాటించాలన్న ఆలోచన క్రుంబీగల్ అనే జర్మన్ ఉద్యానవేత్తదని చెబుతారు. ఆయన 1908లో ఇక్కడి లాల్‌బాగ్ తోట బాధ్యత తీసుకున్నాడు. మళ్లీ 1980ల్లో నేగిన్‌హాళ్ అనే అటవీ అధికారి నగరమంతటా లక్షల మొక్కలు నాటించాడు. టబెబూయా, జకరండా అమెరికా ఖండాలవి, తురాయిది మడగాస్కర్. అనంతపురం నుంచి వచ్చింది మనమే.

వీటన్నిటికన్నా నాకు ముచ్చటైనది మన వీధి చివరి కానుగ. దాన్ని చూడటానికి టికెట్టు అక్కర్లేదు, ఫోటోలు తీసేవాళ్ల తోపులాటా ఉండదు. ఈ వారం దాని పాత ఆకు దాదాపుగా రాలిపోయింది, కొత్తది వస్తోంది. లేత ఆకు మీద నూనె రాసినట్టు ఒక మెరుపు ఉంటుంది, మధ్యాహ్నం కింద నిలబడి పైకి చూస్తే ఈనెలు కూడా లెక్కపెట్టవచ్చు. ఇంకొన్నాళ్లకు పూత. చిక్కుడు పూవంత ఉంటుంది, తెలుపులో కాస్త ఊదా కలిసి. ఒకసారి రాలడం మొదలైతే పొద్దంతా రాలుతూనే ఉంటుంది. వీధి ఊడ్చే ఆవిడ ఈ చివర కుప్ప చేసి తిరిగి చూసేసరికి ఆ చివర మళ్లీ పరుచుకుని ఉంటుంది. ఆవిడ చెట్టును తిడుతుంది, నేను వినీ విననట్టు ఊరుకుంటాను. తల పైన తేనెటీగల రొద ఎంతలా ఉంటుందంటే మన పక్కింటాయన మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ పాడైందనుకున్నాడు.

మే నెలలో ఇది ఉండదు. మామిడిపండ్లు ఉంటాయి, తురాయి ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ సాయంత్రమయ్యేసరికి ఉరుములు, గాలివాన, విరిగిపడ్డ కొమ్మలు, ఆగిపోయిన బస్సులు. ఇప్పుడైతే మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నా తెల్లవారుజామున ఇంకా చల్లగానే ఉంటోంది. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉండటం వల్ల మనకు దక్కిన సుఖం ఇది. ఆరున్నరకల్లా లాల్‌బాగ్ బండ ఎక్కితే కాళ్ల కింద రాయి చల్లగా తగులుతుంది. ఆ రాయి వయసు 300 కోట్ల ఏళ్లని అక్కడి బోర్డు మీద ఉంటుంది. తొమ్మిది దాటిందా, అదే రాయి మీద కూర్చోలేవు. దిగి గేటు బయటికి వస్తే పచ్చిమామిడి ముక్కలు అమ్మే అతను “కారం ఎక్కువా, తక్కువా?” అని తెలుగులోనే అడుగుతాడు. నేను తక్కువంటాను, అతను ఎక్కువే వేస్తాడు.

ఇక సెలవు సంగతి. నీ ఖాతాలో సెలవులు పేరుకుపోయాయని, వాడకపోతే మురిగిపోతాయని నువ్వే చెప్పావు. కారణం ఏం చెప్పాలన్నదే నీ బెంగ. సెలవు చీటీలు నా బల్ల మీదుగానే పోయేవి కాబట్టి ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది. జ్వరం, బంధువుల పెళ్లి, ఊళ్లో పని, ఇవే తిరిగి తిరిగి వచ్చేవి. ఒకాయన ఏటా వేసవిలో పొలం పనులని రాసేవాడు. ఆయనకు సెంటు భూమి లేదని ఆఫీసంతటికీ తెలుసు. హాయిగా వెళ్లి వచ్చేవాడు, వచ్చాక మిగతా అందరికన్నా చురుగ్గా పనిచేసేవాడు. నువ్వు అబద్ధం కూడా ఆడనక్కర్లేదు. సొంత పని అని రాయి, చాలు. ఒక్క రోజు నువ్వు లేకపోతే కూలిపోయే ప్రాజెక్టయితే, నువ్వున్నా అది ఎన్నాళ్లో నిలబడదు.

ఆదివారం మాత్రం వద్దు. ఆదివారం లాల్‌బాగ్‌లో చెట్లకన్నా మనుషులే ఎక్కువ. వచ్చే వారం బుధవారమో గురువారమో చూసుకో. ముందు రోజు రాత్రికే వచ్చి పడుకుంటే పొద్దున్నే బయలుదేరవచ్చు. కారు తీయకు. మెట్రో పర్పుల్ లైన్‌లో మెజెస్టిక్ దాకా వచ్చి గ్రీన్ లైన్ మారితే లాల్‌బాగ్ స్టేషన్‌లో దిగుతావు, నేను అక్కడికి వస్తాను. ల్యాప్‌టాప్ వైట్‌ఫీల్డ్‌లోనే ఉండనీ. మధ్యాహ్నం ఎటూ వెళ్లేది లేదు. మామిడికాయ పప్పు, పెరుగన్నం తిని వరండాలో చాప వేసుకుని పడుకోవడమే.

ఏ రోజో తేల్చుకున్నాక ముందు అమ్మకు ఫోన్ చెయ్యి. నాకు చెప్పి ఆవిడకు చెప్పడం ఆలస్యమైతే, ఇంట్లో మినప్పప్పు నానబెట్టలేదన్న నింద నా మీదికి వస్తుంది.

ఇట్లు
నాన్న