పరకాయ ప్రవేశం మనకేమైనా కొత్తా?

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం కాదు, ఆ ముందు ఆదివారం మీ అనుబంధంలో చైనా ప్రేమ నవలలు మన ఆడపిల్లల్ని చెడగొడుతున్నాయని ఓ పేజీ నిండా రాశారు. అప్పుడే రాద్దామనుకున్నా, ఇంట్లో పెళ్లి పనుల్లో పడి కుదరలేదు. ఊరుకుందామంటే ఆ పేజీ గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్లు మండుతోంది.

చెడిపోతున్న ఆ ఆడపిల్లల్లో నేనూ ఒకదాన్ని. వయసు 61. ముప్పై ఏళ్లు బళ్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మా చిన్నమ్మాయి ఫోన్లో అలవాటు చేసింది.

ఇంతకీ ఆ కథల్లో ఏముందని? రాత్రింబవళ్లు ఆఫీసు పని చేసి కుర్చీలోనే ప్రాణం విడిచిన అమ్మాయి కళ్లు తెరిచేసరికి పాతకాలం చైనాలో ఓ మంత్రిగారి చిన్న భార్య కూతురి ఒంట్లో ఉంటుంది. పెద్ద భార్య గయ్యాళి, ఏ ముసలి సేనాపతికో ఇచ్చి వదిలించుకోవాలని చూస్తుంటుంది. ఈ పిల్ల ఏడుస్తూ కూర్చోదు. పంది కొవ్వు, బూడిద నీళ్లు కాచి సబ్బు చేస్తుంది, గట్టిపడిందా లేదా అని పూటకోసారి బొటనవేలితో నొక్కి చూసుకుంటుంది, అంగడి పెడుతుంది. ముఖాన నవ్వన్నది ఎరగని యువరాజు పనివాణ్ణి పంపించి మూడోసారి సబ్బు కొనిపించినప్పుడు నేను ఒక్కదాన్నే గదిలో పకపకా నవ్వాను. ఇందులో చెడిపోయేదేమిటో ఆ పేజీ రాసినాయన చెప్పాలి.

పోనీ విషయమైనా సరిగ్గా తెలుసుకుని రాశారా? వేల ఏళ్ల నాటి ప్రాచీన చైనా అంటారు, పక్కన వేసిన బొమ్మలో యువరాజుకేమో ముందు జుట్టు గొరిగి వెనక జడ! ఆ జడ ఈశాన్యం నుంచి వచ్చి చైనాను ఏలిన మంచూ తెగవాళ్లది, వాళ్ల చింగ్ వంశం 1644లో బీజింగ్ చేరాక దేశమంతా పెట్టించింది. ఈ నవలాకారులకు మహా ఇష్టమైన కాంగ్షీ చక్రవర్తి ఏలింది 1661 నుంచి 1722 వరకు. మన గోల్కొండలో తానీషా, చెరసాలలో రామదాసు ఉన్న రోజులవి. అదే ప్రాచీనమైతే కంచర్ల గోపన్నను కూడా వేల ఏళ్ల వెనక్కి పంపండి.

చైనా ప్రభుత్వమే వీటిని నిషేధించిందని ఇంకో మాట. 2011లో అక్కడి ప్రసార శాఖ కోప్పడింది టీవీ సీరియళ్ల మీద. చరిత్రతో ఆటలాడుతున్నారు, మూఢనమ్మకాలు, పునర్జన్మలు నూరిపోస్తున్నారు అని. నవలల మీద కాదు. అదే ఏడాది, కాంగ్షీ కొడుకుల మధ్య వెళ్లి పడ్డ ఈ కాలపు అమ్మాయి సీరియల్ అక్కడ జనాన్ని ఊపేసింది కూడా. యువరాజుగా ప్రకటించినవాణ్ణి తండ్రే రెండుసార్లు దించేస్తాడని, చివరికి సింహాసనం నాలుగోవాడిదని చరిత్ర పాఠంలో చదివిన పిల్ల, పైకి అంటే తల పోతుందని నోరు కట్టుకుని తిరుగుతుంటే ఆ టెన్షనే వేరు.

లోపాలు లేవని అనను. ఏడో శతాబ్దం నుంచి పదో శతాబ్దం దాకా ఏలిన తాంగ్ వంశం కాలంలో ఎర్రటి మిరపకాయల పులుసు పెట్టి యువరాజుకు కన్నీళ్లు తెప్పించిన నాయికలున్నారు. మిరపకాయ అమెరికా నుంచి ఓడలెక్కి చైనా చేరింది 16వ శతాబ్దంలో. మన గుంటూరు కారమూ అలా సముద్రం దాటొచ్చిందే లెండి. మీ వ్యాసకర్త ఇలాంటివి పట్టుకుని ఉంటే చేతులెత్తి దండం పెట్టేదాన్ని. ఆయనకు కనపడింది విదేశీ సంస్కృతి ఒక్కటే.

విదేశీయమా! మండన మిశ్రుడి భార్య ఉభయభారతి సంసార సుఖాల మీద వేసిన ప్రశ్నలకు జవాబు కోసం శంకరాచార్యుల వారు చచ్చిపోయిన అమరుక మహారాజు ఒంట్లో దూరి, అంతఃపురంలో కాపురం చేసి వచ్చారని మన పెద్దలే చెప్పారు కదా. దాన్ని తరగతిలో నేనే ఎన్నిసార్లు చెప్పానో, ఏ పిల్లా చెడిపోలేదు. చైనావాళ్లు దానికి సబ్బు తోడు చేశారు, అంతే.

పిల్లలు ఫోన్లలో చదువుతున్నారని బాధపడ్డారు. మరెక్కడ చదవాలి? 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం. మా ఊరి శాఖా గ్రంథాలయంలో మాత్రం బీరువా తాళం చెవి సెలవు మీద వెళ్లినాయన దగ్గర ఉంటుంది, ఆయన వచ్చిన రోజున కరెంటుండదు. కొత్త నవల వచ్చి ఎన్నాళ్లయిందో అడిగితే పోటీ పరీక్షల పుస్తకాలు చూపిస్తారు. ఈ గ్రంథాలయాల గురించి ఒక పేజీ వెయ్యండి, ఫొటోలు నేనే పంపిస్తాను.

ఆరు నెలల కిందట అక్కడి సలహాల పుస్తకంలో చైనా నవలల తెలుగు అనువాదాలు తెప్పించమని రాశాను. నా కింద ఎవరో ఫ్యాను బాగుచేయించమని రాశారు. మొన్న వెళ్లి చూశాను. ఫ్యాను తిరగడం లేదు, మా ఇద్దరి తర్వాత ఆ పుస్తకంలో ఇంకెవరూ ఏమీ రాయలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
గుంటూరు జిల్లా