న్హా ట్రాంగ్‌లో మన బస సంగతి

ఒరేయ్ ప్రసాదూ,

నువ్వు పంపిన రిసార్టు లింకు నిన్న రాత్రే చూశాను. ఫోటోలు బాగున్నాయి, స్విమ్మింగ్ పూల్ బాగుంది, అంత పెద్ద రిసార్టుకి ఆ రేటు చవకే. కానీ మ్యాప్ పెద్దది చేసి చూశావా? అది న్హా ట్రాంగ్ ఊళ్లో లేదు. కామ్ రాన్ విమానాశ్రయం వైపు బాయ్ దాయ్ అనే బీచ్ ఉంది, అక్కడుంది. అక్కడి నుంచి ఊళ్లోకి రావాలంటే ప్రతిసారీ కారు మాట్లాడుకోవాలి. మనం ఆరుగురం. మామూలు కారు ఒక్కటి సరిపోదు. అత్తయ్యకి ఓ కప్పు పాలు కావాలన్నా రిసార్టు వాళ్లు చెప్పిన రేటే ఇవ్వాలి. గది రేటులో మిగిలిందంతా ఆ ఖర్చుల్లో పోతుంది. పైగా వియత్నాం దాకా వెళ్లి గోడలోపలే ఉండిపోవడం నాకు అస్సలు ఇష్టం లేదు. ఊళ్లోనే ఉందాం. నేనూ శారదా వెళ్లినప్పుడు ఉన్నలాంటి చిన్న హోటల్లో ఉందాం. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు తేదీలు తేల్చేద్దాం. పాపకి ఏప్రిల్ చివర్లో సెలవులిస్తారు, ఇచ్చిన మర్నాడే బయల్దేరదామన్నావు. ఆ వారం మాత్రం వద్దురా. ఏప్రిల్ 30 వాళ్లకి పెద్ద సెలవు, 1975లో యుద్ధం ముగిసిన రోజు. మర్నాడు మే డే. రెండూ కలిసొస్తాయి కాబట్టి సైగాన్ (హో చి మిన్ సిటీ) జనమంతా సముద్రం ఒడ్డుకి బయల్దేరతారు. ఈ మధ్య వేసిన ఎక్స్‌ప్రెస్‌వే వల్ల సైగాన్ నుంచి అయిదారు గంటల్లో కార్లో వచ్చేయొచ్చు, అందుకే రద్దీ ఇంకా పెరిగింది. ఆ సెలవు రోజుల్లో మామూలు గదికి కూడా రేటు ఎక్కడికో పోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా వాళ్ల బడి సెలవులు, అప్పుడూ రద్దీయే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. గదులు చవకే గానీ అలలు పెద్దవైన రోజుల్లో సముద్రంలో కాలు పెట్టనివ్వరు. కాబట్టి మే మొదటివారం దాటాక, నెలాఖరు లోపల వెళ్లామంటే మనకి కుదిరినట్టే. ఎండ ఉంటుంది, కాదనను. మన గుంటూరు మే నెల చూసినవాళ్లకి అదో లెక్క కాదు, సముద్రం కూడా ప్రశాంతంగా ఉంటుంది.

ఇక అసలు విషయం, గది.

ఆ ఊళ్లో బీచ్ పక్కనే ట్రాన్ ఫూ అని పెద్ద రోడ్డు. దాని మీద ఉన్నవి ఎక్కువగా ఆకాశాన్నంటే హోటళ్లు. మనం చూడాల్సింది దాని వెనకున్న హుంగ్ వువాంగ్ రోడ్డు, దానికి అటూ ఇటూ ఉన్న సందులు. సముద్రం కిటికీలోంచి కనిపించదు, కానీ అయిదు నిమిషాలు నడిస్తే ఇసుకలో ఉంటాం. ఈ ఒక్క వీధి వెనక్కి జరగడంలోనే సగం డబ్బు మిగులుతుంది. ఇంకా లోపలికి, రైల్వే స్టేషన్ దాకా పోతే ఇంకా చవక. కానీ అత్తయ్య మోకాళ్లతో రోజూ అంత దూరం నడవలేదు, ఆ కాస్త మిగులు కోసం ఆవిణ్ని గదిలో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

అక్కడి చిన్న హోటళ్లన్నీ ఒకే తీరుగా కడతారు. వీధి వైపు వెడల్పు నాలుగైదు మీటర్లే ఉంటుంది, లోపలికి మాత్రం బారుగా పోతుంది, పైకి ఆరేడు అంతస్తులు లేస్తుంది. అంతస్తుకి రెండో మూడో గదులు. ముందు గదికి బాల్కనీ ఉంటుంది. వెనక గదికి ఓ చిన్న కిటికీ ఉంటుంది, తెరిస్తే పక్కింటి గోడ. మధ్య గదికి అదీ ఉండదు. యాప్‌లో అన్నింటికన్నా తక్కువ రేటు చూపించేది ఈ మధ్య గదికే. ఫోటోలో తెల్ల దుప్పటి, దీపాలు, పువ్వులు కనిపిస్తాయి, గాలి రాదన్న సంగతి కనిపించదు. పక్కన చిన్న అక్షరాల్లో 'నో విండో' అని ఉంటుంది, అది వెతికి చదవాలి. పగలంతా బయట తిరిగే కుర్రాళ్లకి అది చాలు. మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చే పెద్దావిడకి చాలదు. ఆ గదిలో బట్టలు ఆరవు, తడి వాసన పట్టేస్తుంది. రోజుకి రెండొందలో మూడొందలో ఎక్కువైనా సరే, మీకు ముందు గదే తీసుకుందాం. ఇందులో మాత్రం నా మాట విను.

రెండోది లిఫ్ట్. 'లిఫ్ట్ ఉంది' అంటారు, వెళ్లి చూస్తే అది ముగ్గురు పట్టేంత ఉంటుంది, దాన్ని చేరడానికి నాలుగు మెట్లెక్కాలి. కాబట్టి రెండో అంతస్తులో గది అడుగుదాం. లిఫ్ట్ ఆగిపోయినా అత్తయ్య ఎక్కగలదు. మూడోది బాత్రూమ్. స్నానం చేసే చోటికీ మిగతా దానికీ మధ్య అడ్డు ఉండదు, నేలంతా తడిసిపోతుంది. మీ ఇంట్లో ఉన్న రబ్బరు మ్యాట్ చుట్టి సూట్‌కేసులో పడేయమని చెల్లెమ్మకి చెప్పు. ఇంకో ముఖ్యమైన విషయం, అత్తయ్య అడక్కముందే చెప్తున్నాను: కడుక్కోవడానికి చేతి పైపు ఉంటుంది, మన ఇళ్లలో ఉన్నట్టే. ఆ టెన్షన్ అక్కర్లేదు.

బార్లు, పాటలు ఉండే వీధి ఏదో సమీక్షల్లో తెలిసిపోతుంది. కొత్తవి ముందు వచ్చేలా పెట్టుకుని చదువు, మూడేళ్ల నాటి పొగడ్తలు మనకెందుకు? 'పక్కన కొత్త బిల్డింగు కడుతున్నారు' అని ఎవరైనా రాస్తే ఆ హోటల్ వదిలేయ్. ఆ ఊళ్లో పొద్దున్నే పని మొదలెట్టేస్తారు.

బుకింగ్ ఎలాగంటావా? ఆరు రాత్రులకీ ఇక్కణ్నుంచే డబ్బు కట్టేయొద్దు. క్యాన్సిల్ చేసుకునే వీలున్న గదులు రెండు రాత్రులకి మాత్రమే తీసుకుందాం. వెళ్లాక గది చూసి, నల్లా తిప్పి, ఏసీ పెట్టి, నచ్చితే మిగతా నాలుగు రాత్రులకీ యజమానితోనే నేరుగా మాట్లాడదాం. మధ్యలో యాప్ కమీషన్ ఉండదు కాబట్టి తగ్గిస్తారు, లేదంటే అదే రేటుకి మంచి గది ఇస్తారు. నచ్చకపోతే పక్క సందులో ఇంకో పది ఉంటాయి. సెలవుల రద్దీ లేని రోజులు ఎంచుకోమని చెప్పింది ఇందుకే, అప్పుడే ఈ పద్ధతి నడుస్తుంది. బ్రేక్‌ఫాస్ట్ కలిపిన రేటు తీసుకోకు. వీధి చివర తాజా తిండి పెట్టుకుని హోటల్లో ఎండిపోయిన బ్రెడ్డు తినడం ఎందుకు?

నాకు ఇలాంటి చోట్లు ఎందుకు ఇష్టమో ఒక్కటి చెప్తాను. మేం ఉన్న హోటల్లో రాత్రి పది దాటాక షట్టరు సగం దించి, స్కూటర్లన్నీ లోపలికి తోసి రిసెప్షన్ ముందే వరసగా పెట్టేవాళ్లు. ఆ స్కూటర్ల మధ్యే నేల మీద చాప వేసుకుని ఇంటిల్లిపాదీ అన్నం తినేవాళ్లు. బల్ల పక్కన నేల మీదే ఎర్రటి చిన్న మందిరం, లోపల ఇద్దరు దేవుళ్లు, ఒకరు ఆ స్థలానికి, ఒకరు డబ్బుకి. పొద్దున యజమానురాలు వాళ్ల ముందు ఒక చిన్న గ్లాసులో బ్లాక్ కాఫీ, రెండు అరటిపళ్లు పెట్టి, అగరొత్తి వెలిగించి, అప్పుడు వచ్చి మాకు తాళం ఇచ్చేది. శారద ఆవిడతో భాష లేకుండానే గంటలు గంటలు మాట్లాడింది. అత్తయ్యకి ఆ ఇల్లు తప్పకుండా నచ్చుతుంది.

డబ్బు లెక్క. వాళ్ల డబ్బు డాంగులు; అందులో మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో హెచ్చవెయ్, రూపాయలు దాదాపుగా వచ్చేస్తాయి. మీ నలుగురికీ రెండు పెద్ద మంచాలున్న గది ఆరు లక్షల డాంగులు అనుకో, మా ఇద్దరి గది నాలుగు లక్షలు. రోజుకి పది లక్షలు, అంటే మూడున్నర వేలు. ఆరు రాత్రులకి రెండు కుటుంబాలకీ కలిపి ఇరవై వేల పైచిలుకు. ఇంతకన్నా తగ్గించాలని చూడొద్దు. నోట్ల దగ్గర జాగ్రత్త: 20 వేల నోటూ 5 లక్షల నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. చీకట్లో ఆటోకిచ్చినట్టు తీసి ఇచ్చేయకు. పెద్దవి వేరే జేబులో పెట్టుకో.

హోటల్లో దిగగానే పాస్‌పోర్టులు అడుగుతారు, భయపడకు. ఎవరు దిగారో పోలీసులకి తెలియజేయడం అక్కడ చట్టం. వివరాలు రాసుకుని అప్పుడే ఇచ్చేయమని అడుగుదాం, ఇస్తారు.

తిండి గురించి అత్తయ్య దిగులు నాకు తెలుసు. బౌద్ధులు చాలామంది ఉన్న దేశం, ప్రతి చాంద్రమాన నెలలో మొదటి రోజూ పదిహేనో రోజూ ఎంతోమంది మాంసం ముట్టరు. అందుకే 'చాయ్' అని బోర్డు ఉన్న శాకాహార భోజనశాలలు ఊళ్లో దొరుకుతాయి, ప్లేటు చవక కూడా. వాటిల్లో తప్ప బయట దాదాపు ఎక్కడ తిన్నా చేపల సాస్ పడుతుంది, ఆకుకూరలో కూడా. ఆవిడకి ఆ బోర్డు ఉన్నచోటే తిందాం. గదిలో నీళ్లు కాచుకునే కెటిల్ ఉంటుంది, అటుకులు, పొడులు, ఊరగాయ తెచ్చుకుంటే ఒక పూట గడిచిపోతుంది. నీకూ నాకూ మాత్రం బాన్ కాన్ ఉంది. మట్టి మూసల్లో బియ్యప్పిండి పోసి, గుడ్డో స్క్విడ్ ముక్కో వేసి మూత పెడతారు. అచ్చం మన గుంత పొంగనాలే. బొగ్గుల పొయ్యి ముందు చిన్న స్టూళ్ల మీద కూర్చుని వేడివేడిగా తినాలి.

ఊళ్లో చూడాల్సినవి చెప్పడం మొదలెడితే ఉత్తరం తెగదు. ఒక్క పో నగర్ గుడి మాత్రం అత్తయ్యకి ముందే చెప్పు. కాయ్ నది పక్క గుట్ట మీద ఒకప్పుడు ఆ ప్రాంతాన్ని ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక గోపురాలు. 774లో జావా దండు పాత గుడిని తగలబెడితే, సత్యవర్మ 784లో తిరిగి కట్టించాడని సంస్కృత శాసనం ఉంది. అమ్మవారిని అక్కడి శాసనాల్లో భగవతి అన్నారు. ఈరోజుకీ అక్కడ పూజ జరుగుతుంది; వియత్నామీలు తమ తల్లిగా కొలుస్తారు, చంపా వాళ్ల వారసులైన చామ్ జనం తమ దేవతగా కొలుస్తారు. ఇంత దూరంలో భగవతికి దణ్ణం పెట్టుకుంటుందంటే ఆవిడ మెట్లెక్కడానికి వెనకాడదు. పొద్దున ఎండ ముదరక ముందే తీసుకెళ్దాం. పాపకి బయాలజీ ఇష్టం కదా, ట్రాన్ ఫూ రోడ్డు మీద యెర్సిన్ మ్యూజియం ఉంది. 1894లో హాంకాంగ్‌లో ప్లేగు క్రిమిని కనిపెట్టిన యెర్సిన్ ఈ ఊళ్లోనే స్థిరపడి, 1943లో ఇక్కడే పోయాడు.

సైగాన్ నుంచి న్హా ట్రాంగ్‌కి రాత్రి రైలు అన్నావు. 411 కిలోమీటర్లు, తెల్లవారుజామున దింపేస్తుంది. గది ఇచ్చేది మధ్యాహ్నం రెండింటికి. అంతసేపు అత్తయ్యని సోఫాలో కూర్చోబెట్టలేం. సైగాన్‌లో ఓ రాత్రి పడుకుని పొద్దున రైలెక్కుదాం, మధ్యాహ్నానికి సరిగ్గా గది చేతికొస్తుంది. సాఫ్ట్ స్లీపర్ క్యాబిన్‌లో నాలుగు బెర్తులే కాబట్టి మీ నలుగురికీ ఒకటి. దార్లో డ్రాగన్ ఫ్రూట్ తోటలు కూడా పగలైతేనే కనిపిస్తాయి.

అక్కడ స్కూటరు అద్దెకి తీసుకుందామన్నావు, అది వద్దు. మన దగ్గర ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 నాటి అంతర్జాతీయ రోడ్డు ట్రాఫిక్ ఒప్పందం ప్రకారం ఇచ్చేది, వియత్నాం ఒప్పుకునేది 1968 నాటిది. ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ కూడా చేతులెత్తేస్తుంది. గ్రాబ్ యాప్‌లో కారు పిలిస్తే వస్తుంది, అది చాలు.

ఇక నువ్వు చెయ్యాల్సింది వీసా. మనిషికి 25 డాలర్లు, పాపకి కూడా విడిగా. గూగుల్‌లో ముందు వచ్చేవన్నీ ఏజెంట్ల సైట్లే, రెట్టింపు అడుగుతారు. చివర 'గవ్ డాట్ వీఎన్' అని ఉన్న ప్రభుత్వ సైటులోనే కట్టు. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే అక్షరం పోకుండా ఉండాలి. అత్తయ్య పాస్‌పోర్టులో ఇంటిపేరు విడిగా ఉందా, పేరులోనే కలిసిపోయిందా, ఒకసారి తీసి చూడు. గడువు కూడా చూడు, ఆర్నెల్ల పైన ఉండాలి.

ఆదివారం లోపల నలుగురి పాస్‌పోర్టుల మొదటి పేజీ ఫోటోలు పంపించు. అత్తయ్యని కూడా ఒక మాట అడుగు, ముందు గదిలో వీధి చప్పుడుకి నిద్ర పడుతుందా, లేక వెనక గదే నయమా అని. ఆవిడ ఏదంటే అదే. నీ జవాబు రాగానే సోమవారం రెండు హోటళ్లకి మెసేజ్ పెడతాను.

నీ
మురళి