బాబుకి, పర్లాకిమిడి నుంచి

బాబూ,

ఇక్కడ అందరం బాగున్నాం. పనస ఈసారి విరగకాసింది. మీ అమ్మ పొట్టు కొట్టించి ఆవపెట్టి వండిన రోజల్లా నిన్నే తలుచుకుంటోంది. చిన్నత్త మోకాళ్లు అలాగే ఉన్నాయి. నీ ఫోనే రావడం లేదు.

మొన్న గుణుపురం మావయ్య రైలు దిగి నేరుగా మనింటికే వచ్చాడు. కల్వర్టు బిల్లు మీద నువ్వు సంతకం పెట్టనన్నావట, కాంట్రాక్టరు పైవాళ్ల దగ్గరికి వెళ్లాడట. "వాడికి కాస్త లౌక్యం నేర్పు బావా, పెద్దత్త కొడుకు విశాఖలో రెండో ఫ్లాటు కొన్నాడు" అని భోజనం అయ్యేదాకా అదే పాట. నీ నోట వినకుండా నేనేమీ అనను. సంతకం పెట్టకపోతే మాత్రం మంచి పని చేశావు.

నువ్వు అడగలేదు గానీ రాస్తున్నాను. మోసం క్యూబుల దగ్గరే, అంటే కాంక్రీటు బలం పరీక్షించడానికి పోసే దిమ్మల దగ్గరే మొదలవుతుంది. పనిలో పోసే మాల్, అదే కలిపిన కాంక్రీటు, ఒకటి, అచ్చులో నింపేది సిమెంటు దట్టించిన ఇంకొకటి. పోత సగంలో ఉండగా నువ్వు చెయ్యి చూపించిన తట్టలోంచే తీయించు. 150 మిల్లీమీటర్ల అచ్చులో మూడు పొరలు, పొరకి కడ్డీతో 35 పోట్లకి తగ్గకూడదు. పైన చదును చేశాక పచ్చి మీదే మేకుతో తేదీ, నీ పొడి అక్షరాలు గీసెయ్, అప్పుడు క్యూబు మార్చలేరు. మర్నాడు విప్పి నీళ్లలో వేయించు. 7వ రోజున, 28వ రోజున క్యూబులు నలగ్గొట్టి బలం చూసే మిషను దగ్గర నువ్వే నిలబడు.

మాల్ జారుగా ఉంటే పని సులువని నీళ్లు గుమ్మరిస్తారు. సిమెంటు బరువుకి నీటి నిష్పత్తి 0.50 అయితే 50 కిలోల బస్తాకి 25 లీటర్లే, ఇసుకలో ఉన్న తడి కూడా అందులోదే. ఎక్కువైన నీరు ఆరిపోయి లోపల సన్నని ఖాళీలు వదిలేస్తుంది, బలం అక్కడే పోతుంది. 12 మిల్లీమీటర్ల ఊచ మీటరుకి 0.888 కిలోలు తూగాలి. నూటికి అయిదుకి మించి తగ్గితే ఆ లోడు వెనక్కే. కాంక్రీటు పడ్డాక ఊచలు ఎవరికీ కనపడవు కాబట్టి టేపు పెట్టి ముందే ఫొటోలు తీసుకో.

ఎం.బి.లో, అదే కొలతల పుస్తకంలో, కొలత నువ్వు కొలిచిన రోజే రాయి, వాళ్ల చీటీ చూసి రాయకు, ఖాళీ గీత వదలకు. "పెట్టను" అని నోటితో అంటే మొండివాడంటారు. ఏ ఐటం, ఎంత తేడా, ఏ పరీక్షలో ఎంత వచ్చింది రాసి ఆఫీసులో ఇచ్చి, నకలు మీద అందినట్టు ముద్ర వేయించుకో. అప్పుడు జవాబు చెప్పాల్సింది వాళ్లు. కాంట్రాక్టరు జీపు ఎక్కకు, వాళ్లు తెచ్చిన భోజనం తినకు. తిన్న చేత్తో ఎర్ర సిరా పట్టుకోలేవురా.

ఇవాళ గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. 1880లో మన రాజావారి బళ్లో మేష్టారుగా చేరారు. సవరల భాష ఎవరికీ పట్టని రోజుల్లో, తెలుగొచ్చిన సవరని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు, నిఘంటువులు కట్టారు, సొంత డబ్బుతో సవర పిల్లలకి చదువు చెప్పించారు. ఆ పుస్తకాలకి మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, నాకొద్దు, ఆ డబ్బుతో సవరలకి బడి పెట్టండి అన్నారు. లౌక్యం తెలియని మనిషని అప్పుడూ అనేవుంటారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిస్తే ఊరొదిలి రాజమండ్రి వెళ్లిపోయారు గానీ, ఇక్కడ ఆ పేరెత్తితే ఇప్పటికీ చేతులు జోడిస్తారు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ మింగీ మింగీ చెవుడొచ్చి బతికినంతకాలం బాధపడ్డారు.

దోమతెర కట్టుకుంటున్నావా? ఆ కొండల్లో జ్వరం వస్తే మాత్రలు నీ అంతట నువ్వు వేసుకోకు, రక్తపరీక్ష చేయించు. సైటుకి ఒంటరిగా, చీకటిపడ్డాక వెళ్లకు. బదిలీ చేస్తామని బెదిరిస్తే చేయనీ, ఏ ఊరైనా మీ అమ్మా నేనూ వచ్చి నెల్లాళ్లు ఉండి వంట చేసిపెడతాం. చోడిపిండి, కందిపొడి మావయ్య చేత పంపిస్తున్నాను. డబ్బా మూత గట్టిగా బిగించు, పురుగు పడుతుంది.

ఆదివారం లోగా ఫోన్ చెయ్యి. ముందు అమ్మతో మాట్లాడు, ఆ కల్వర్టు సంగతి తర్వాత నాకు చెబుదువు గాని.

మీ నాన్న