విషయం: వరదలో మునిగిన కారు అంటగట్టి, రెండు నెలలుగా పలకని మీ కంపెనీపై ఫిర్యాదు

తెనాలి,
12 సెప్టెంబరు 2025

మేనేజింగ్ డైరెక్టర్ గారికి, ఫిర్యాదుల అధికారి గారికి,

అయ్యా,

ఇది మీకు నేను పెడుతున్న తొమ్మిదో ఫిర్యాదు. ముందు ఎనిమిదీ మీ యాప్‌లో, ఈమెయిల్‌లో పెట్టాను. ఒక్కదానికైనా మనిషి రాసిన జవాబు రాలేదు. అందుకే ఈసారి కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను.

జూన్‌లో మీ ద్వారా విజయవాడలో ఒకాయన దగ్గర 4,30,000 రూపాయలకు పాత కారు కొన్నాను. మీ ఫీజు 14,000 విడిగా కట్టాను. మీ కుర్రాడు ఇచ్చిన తనిఖీ రిపోర్టులో "వరద నీటిలో మునగలేదు" అన్నచోట ఆకుపచ్చ టిక్కు ఉంది. ఆ టిక్కు చూసే కొన్నాను. నెల తిరక్కుండానే బండి మొరాయించింది. మా మెకానిక్ డ్రైవరు సీటు బెల్టు చివరిదాకా లాగి చూపించాడు. మామూలుగా బయటికి రాని ఆ ఆఖరి జానెడు పట్టీ మీద ఎండిన బురద చార. స్టెప్నీ ఎత్తితే, కింద గోటితో గీకితే రాలే ఒండ్రు. షోరూంలో పాత సర్వీసు రికార్డు తీయిస్తే, 2024 సెప్టెంబరులో ఆ బండిని సింగ్‌నగర్ నుంచి లాక్కొచ్చినట్టు రాసి ఉంది. బుడమేరు వాగు పొంగి విజయవాడలోని ఆ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్న నెల అది. బెజవాడలోనే ఆఫీసు పెట్టుకున్న మీకు ఆ మాత్రం అనుమానం రాలేదా?

పాత బండి అన్నాక ఏదో ఒకటి ఉంటుందని నాకూ తెలుసు. నా కడుపు మండింది ఆ తర్వాత మీరు నన్ను తిప్పిన తీరుకి.

జూలై 9న మొదటిసారి ఫోన్ చేశాను. తెలుగు కోసం నొక్కమన్న అంకె నొక్కితే హిందీ అమ్మాయి పలికింది. నాకొచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. టికెట్ రైజ్ చేశాం, 48 గంటల్లో కాల్ వస్తుందంది. రాలేదు. మళ్లీ చేస్తే ఇంకో అబ్బాయి వీడియో పంపమన్నాడు, పంపాను. వారం తర్వాత వేరే ఎవరో అదే వీడియో మళ్లీ అడిగారు, మళ్లీ పంపాను. నాలుగోసారి చేస్తే, "అది క్లోజ్ అయింది మేడమ్, మీ సమస్య పరిష్కారమైందని సిస్టమ్‌లో ఉంది" అన్నాడు. ఎవరు పరిష్కరించారయ్యా అని అడిగితే హోల్డులో పెట్టాడు. 26 నిమిషాలు! ఇంటర్వెల్ బెల్లు కొట్టింది మొదలు తర్వాతి పీరియడ్ సగం అయ్యేదాకా స్టాఫ్ రూంలో ఫోను చెవికి ఆనించుకుని నిలబడ్డాను. నా ఎనిమిదో తరగతి పిల్లలు కిటికీలోంచి తొంగి చూస్తున్నారు. చివరికి లైను కట్టయింది. పాతికేళ్ల సర్వీసులో క్లాసుకి అంత ఆలస్యంగా నేనెప్పుడూ వెళ్లలేదు.

ఆగస్టులో సెలవు పెట్టి మీ విజయవాడ ఆఫీసుకే వచ్చాను. కారు షెడ్డులో ఉంది కాబట్టి బస్సులో వచ్చాను. పదిన్నర నుంచి మూడింటిదాకా కూర్చోబెట్టారు. మేనేజరు మీటింగులో ఉన్నారన్నారు. గాజు తలుపు అవతల ఆయన భోంచేయడం నా కళ్లతో చూశాను. చివరికి బయటికొచ్చి, నిలబడే నాలుగు ముక్కలు చెప్పి పంపేశారు: రిపోర్టు రాసిన కుర్రాడు మానేశాడు, అమ్మింది ప్రైవేటు వ్యక్తి, మేం మధ్యవర్తులం, ఆయనతోనే తేల్చుకోండి. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "మునిగిన సంగతి మీ కంపెనీ అబ్బాయికి ముందే చెప్పానమ్మా" అన్నారు. ఆ తర్వాత ఆయనా ఫోను ఎత్తడం మానేశారు. మీ ఇద్దరిలో ఎవరిది అబద్ధమో తేల్చాల్సింది నేనా?

గుంటూరులో లాయరు గారిని కలిశాక, మీ మేనేజరు సగమే చెప్పారని తెలిసింది. సొంత బండి అమ్ముకున్న మనిషి మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లలేమన్నది నిజమే. అయితే మునిగిన సంగతి తెలిసీ దాచినట్టు రుజువైతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం అది మోసం. బేరం రద్దు చేయమని సివిల్ కోర్టుకి వెళ్లొచ్చు. మొదటినుంచీ మోసపు ఉద్దేశమే ఉంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదూ ఇవ్వొచ్చు. మీ సంగతి వేరు. ఫీజు పుచ్చుకుని తనిఖీ చేశారు, అది సేవ. రిపోర్టు తప్పయితే అది సేవాలోపం. 2019 వినియోగదారుల చట్టం కింద నేను ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, మీ హెడ్డాఫీసు ఊరికి పరుగెత్తనక్కర్లేదు. 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్లుంది. ఆన్‌లైన్‌లో వ్యాపారం చేసేవాళ్లు ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలని, నెలలో తేల్చాలని 2020 నిబంధనల్లో ఉంది. ఫిర్యాదుల అధికారి పేరు అందరికీ కనబడేలా పెట్టాలని కూడా ఉంది. మీ యాప్‌లో ఎంత వెతికినా దొరకలేదు. ఈ ఉత్తరం మీద ఎవరి పేరూ రాయలేకపోయింది అందుకే.

2021లో మా మొదటి కారు మీ దగ్గరే కొన్నాం. బాగా నడిచింది. ఆ నమ్మకంతోనే మా స్కూల్లో ముగ్గురు టీచర్లకి, మా తోడికోడలికి మీ పేరే చెప్పాను. తోడికోడలు కొనేసింది కూడా. "మా బండి సీటు బెల్టు కూడా లాగి చూడమంటావా అక్కా" అని ఆదివారం ఫోన్ చేసి అడిగింది. ఏం చెప్పను?

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో, బాధ్యత గల మనిషి ఒకరు తన పేరు చెప్పి నాకు తెలుగులో ఫోన్ చేయాలి. బండి తీసుకుని డబ్బు తిరిగిస్తారో, ఇంకేం చేస్తారో అప్పుడు మాట్లాడదాం. తనిఖీ రోజు తీసిన ఫోటోలు మాత్రం చెరిపేయొద్దు, అవి నాకు కావాలి. ఫోను రాకపోతే 16వ రోజున జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, లాయరు నోటీసు వస్తుంది, ఆపైన గుంటూరు కమిషన్. బండి ఖరీదు, మెకానిక్ బిల్లు, పోయిన సెలవులు, పడ్డ మనోవేదన అన్నీ కలిపి అడుగుతాను. పేపర్లో వేయిస్తాను. మా టీచర్ల గ్రూపులన్నిటిలోనూ పెడతాను.

ఫోన్ సాయంత్రం ఐదు దాటాక చేయండి. పగలు క్లాసులో ఉంటాను.

ఇట్లు,
ఒక హైస్కూలు టీచరు,
తెనాలి