బండి పేరు చెప్పి హోస్ పైపు అడగకండి, కొలత పట్టుకొని రండి

ముందు మా తప్పు సంగతి. ఈ ఎండాకాలం మొదట్లో మా షాపులో 38 ఎంఎం స్ట్రెయిట్ హోస్ పైపు (బండి రేడియేటర్‌కూ ఇంజన్‌కూ మధ్య నీళ్లు పారే రబ్బరు గొట్టం) కొన్నవాళ్లు జర ఆ పైపు ఊడదీసి, కొస లోపలికి టార్చి వేసి చూడండి. బయటినుంచి దానికి ఏ వంకా కనబడదు. మందం బాగానే ఉంది, వేలితో నొక్కితే గట్టిగానే ఉంది. హోస్ పైపంటే ఒట్టి రబ్బరు గొట్టం కాదు కదా: లోపల ఒక పొర రబ్బరు, మధ్యలో దారం అల్లిక, పైన మళ్లీ రబ్బరు. ఆ లాటులో లోపలి రబ్బరు అల్లికకు సరిగా అతకలేదు. వేడెక్కినకొద్దీ అది పొరలా లేచి, నీళ్ల దారికి నాలుకలా అడ్డం పడుతుంది. ఇంజన్ చల్లారితే మళ్లీ దాని చోటికి పోతుంది. అందుకే మెకానిక్ ముందు నిలబెడితే అంతా బాగున్నట్టే ఉంటుంది, హైవే ఎక్కగానే వేడి చూపే ముల్లు ఎర్ర గీత దగ్గరికి పోతుంది. థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు) మార్చి, రేడియేటర్ విప్పి కడిగించి, అయినా వేడి తగ్గక తిరిగొచ్చిన బండ్లున్నాయి. ఆ ఖర్చంతా మా పైపు వల్ల పెట్టుకున్నదే.

కొస దగ్గర లోపలి రబ్బరును గోరుతో గీరండి. దారం నుంచి విడిగా లేస్తే తెచ్చివ్వండి. బిల్లు అడగం, కోసిన ముక్కయినా సరే. పైసలు వాపస్ కావాలంటే ఇస్తాం, లేదంటే కొత్త లాటు నుంచి అదే పొడవు కోసిస్తాం.

ఇంతకుముందు లాటు రాగానే లోపలి కొలత ఒక్కటే చూసి అరలో పెట్టేవాళ్లం. ఇప్పుడు ప్రతి లాటులో రెండించుల ముక్క కోసి, రెండు గంటలు నీళ్లలో ఉడకబెట్టి, నిలువునా చీల్చి, పొరలను పట్టకారుతో లాగి చూస్తున్నాం. ఇదేమీ పూర్తి పరీక్ష కాదు. మూత బిగించిన రేడియేటర్‌లో నీళ్లు 100 డిగ్రీలు దాటినా మరగవు, మా గిన్నెలో 100 దగ్గరే ఆగుతాయి. కానీ ఆ పాడు లాటు ఈ గిన్నెలోనే దొరికిపోయేది.

ఇక అసలు విషయం. ‘అంబాసిడర్ కింది పైపు ఉందా’ అని ఫోన్ చేస్తే ఇకనుంచి ఉందనీ చెప్పం, లేదనీ చెప్పం. అంబాసిడర్ అనే పేరు 1950ల చివరి నుంచి 2014 దాకా నడిచింది. 1489 సీసీ పెట్రోలు, డీజిలు, తర్వాత ఇసుజు ఇంజన్లు: బానెట్ కింద ఇంజన్ మారినప్పుడల్లా నీళ్ల దారీ మారింది. దాని మీద మనవాళ్ల చేతిపని వేరే. పెట్రోలు తీసి డీజిలు కూర్చోబెట్టినవి, ఒరిజినల్ రేడియేటర్ పోతే ఇంకో బండిది తెచ్చి పట్టీలు వెల్డింగ్ చేసినవి. పద్మినిలు, పాత జీపులదీ అదే కథ. ఆర్సీలో ఉన్న పేరు చూసి పైపు ఇస్తే ఒక కొస పడుతుంది, రెండో కొస పడదు.

కొలవాల్సింది పాత పైపును కాదు. ఏళ్లతరబడి క్లిప్పు కింద నలిగి, నూనె తాగి ఉబ్బిన పైపు లోపలి కొలత అబద్ధం చెబుతుంది. పైపు ఎక్కే లోహపు మూతుల్ని కొలవండి: రేడియేటర్ మూతి, థర్మోస్టాట్ మూతి, వాటర్ పంపు మూతి. ఒక్కో పైపుకు రెండు కొసలూ విడివిడిగా. మూతి చివర ఉబ్బెత్తుగా ఉండే గట్టు మీద కాదు, దాని వెనక సాపుగా ఉన్నచోట. వెర్నియర్ లేకపోతే అరంగుళం వెడల్పు కాగితం పట్టీని మూతి చుట్టూ ఒక్క చుట్టు బిగుతుగా చుట్టి, కలిసినచోట పెన్నుతో గీత పెట్టి, విప్పి స్కేలు మీద పరచండి. 100 ఎంఎం వస్తే మీకు కావాల్సింది 32 పైపు, అంటే ఒకటింబావు ఇంచు. 110 వస్తే 35. 120 వస్తే 38, ఒకటిన్నర ఇంచు. మధ్యలో ఏదో అంకె వస్తే మూతి మీద పాత రబ్బరో తుప్పో అంటుకుని ఉందేమో, గీకి మళ్లీ చుట్టండి.

పైపు మూతి కన్నా అర ఎంఎం, ఒక ఎంఎం బిగుతుగా ఉంటే మంచిదే, సబ్బు నీళ్లతో ఎక్కుతుంది. 35 మూతికి 32 పైపును వేడినీళ్లలో ముంచి సాగదీసి ఎక్కిస్తే మాత్రం కొస దగ్గర పగులుతుంది. 35 మూతికి 38 పైపు వేసి క్లిప్పు బలంగా తిప్పితే రబ్బరు ముడత పడుతుంది, ఆ ముడతలోంచే నీళ్లు కారతాయి. రెండు మూతులూ వేర్వేరు సైజులైతే మధ్యలో స్టీలు రెడ్యూసర్ గొట్టం వేసి రెండు ముక్కలుగా చేయడమే దారి. చూడటానికి అందంగా ఉండదు, కానీ కారదు.

వంపు సంగతికొస్తే ఫోటో పనికిరాదు. ఎల్ ఆకారం ఫోటోలో కనబడుతుంది కానీ, రెండో వంపు ఎటు మెలి తిరిగిందో కనబడదు. మూడు ఎంఎం గ్యాస్ వెల్డింగ్ రాడ్డు ఒకటి తీసుకుని, ఒక మూతి నడిమి నుంచి ఇంకో మూతి నడిమి దాకా, పైపు మధ్యగుండా పోయినట్టు ఊహించుకుని వంచండి. ఫ్యాను రెక్కకు, బెల్టుకు కనీసం ఒక ఇంచు దూరం ఉండాలి. రబ్బరు మౌంట్ల మీద కూర్చున్న ఇంజన్ యాక్సిలేటర్ తొక్కగానే పక్కకు ఊగుతుంది, రేడియేటర్ ఊగదు. కాబట్టి సరిగ్గా గీత గీసినట్టు కాకుండా కాస్త సడలింపు ఉంచండి. రెండు మూతుల మీదా ఇంచు చొప్పున ఎక్కాలి, అది కలుపుకుని రాడ్డు కోయండి. ఆ రాడ్డు తెస్తే మా పని సగం అయినట్టే.

ఎందుకంటే మన పాలమూరులో ట్రాక్టర్ల పైపులకు కరువు లేదు. రాడ్డును వాటి మీద ఒక్కొక్కటిగా ఆనించి చూస్తే, ఏదో ఒక పొడుగు బెండు పైపులో మీకు కావాల్సిన మెలిక దొరుకుతుంది. రెండు కొసలూ కోసేస్తే మీ బండి పైపు. కోసేటప్పుడు హోస్ క్లిప్పునే గైడుగా బిగించి, సబ్బు నీళ్లు తడిపిన బ్లేడుతో చుట్టూ తిప్పండి. హ్యాక్సాతో కోస్తే దారాలు లేచి, వాటి వెంట నీళ్లు పాకుతాయి. ఒక్క మాట: ఇలా కోసినప్పుడు పూర్తి పైపు ధర తీసుకుంటాం, మిగిలిన ముక్కలు మాకు ఎందుకూ కొరగావు. స్ట్రెయిట్ పైపుకు మాత్రం కోసిన పొడవుకే పైసలు.

మడతల గొట్టం, అదే ఎటైనా వంగే ముడతల పైపు, అడిగినవాళ్లకు ఇస్తాం కానీ ఇష్టంగా ఇవ్వం. ఇల్లు చేరడానికి పనికొస్తుంది. వంపు గట్టిగా ఉన్నచోట ప్రతి ముడతా ఒక పగులు మొదలయ్యే చోటే.

కింది పైపులో స్ప్రింగు ఉందా లేదా తప్పకుండా చూసుకోండి. వాటర్ పంపు పీల్చేది ఆ వైపునుంచే. శ్రీశైలం డ్యాం దాటి దోమలపెంట వైపు ఘాట్ రోడ్డు ఎక్కుతూ సెకండ్ గేరులో ఇంజన్ అరుస్తుంటే, స్ప్రింగు లేని మెత్తటి పైపు చప్పిడై నీళ్లు ఆగిపోతాయి. పాత స్ప్రింగు తుప్పు పట్టి ఉంటే మళ్లీ వేయకండి, ముక్కలై తిరుగుతుంది. కొత్త స్టీలు స్ప్రింగు వేసేటప్పుడు రెండు మూతుల మీద ఎక్కే భాగం వదిలి కోయండి, క్లిప్పు కిందికి రాకూడదు. స్ప్రింగు ఉన్నా పైపు చప్పిడవుతోందంటే రేడియేటర్ గొట్టాలు పూడిపోయాయని. నల్లగొండ నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, రేడియేటర్‌ను పూడ్చేది బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం ఉప్పులు. డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగం సగం పోయండి.

ఇంజన్ చల్లారాక పై పైపు అణిగి కనబడితే అది పైపు తప్పు కాదు. రేడియేటర్ మూతలో గాలి లోపలికి రానిచ్చే చిన్న వాల్వు బిగుసుకుపోయింది. మూత మార్చేటప్పుడు దాని మీద అంకె (అది ఆపే ఒత్తిడి, పౌండ్లలో) చూడండి. పాత బండి మూత 4 అనో 7 అనో ఉంటే అదే అంకెది వేయండి. వేడి తగ్గుతుందని 13 పౌండ్ల మూత వేస్తే నీళ్లు మరిగే వేడి 119 డిగ్రీల దాకా పోతుంది నిజమే, కానీ ఆ ఒత్తిడికి టంకం వేసిన ఇత్తడి ట్యాంకు నోరు తెరుస్తుంది.

బిగింపులో మా దగ్గరికి వచ్చే ఫిర్యాదులు చాలావరకు మూతివే. అల్యూమినియం మూతి తిని గుంటలు పడి ఉంటే ఎంత కొత్త పైపైనా కారుతుంది. గ్యాస్కెట్ పేస్టు పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది. లేతు పనివాడి దగ్గర మూతికి స్లీవు, అంటే లోహపు తొడుగు, కొట్టించుకోవడం మేలు. గ్రీజు, ఇంజన్ ఆయిలు రాసి పైపు ఎక్కించకండి, ఈ రబ్బరు నూనె తాగి ఉబ్బుతుంది. ఇంజన్ పైనుండే ట్యాపెట్ కవర్ నుంచి నూనె కారుతుంటే ముందు అది ఆపండి. క్లిప్పు మూతి గట్టుకు వెనక వైపు, పైపు కొసకు 5 ఎంఎం ఎడంగా ఉండాలి. క్లిప్పు గాట్లలోంచి రబ్బరు పైకి పొంగిందంటే ఎక్కువ బిగించినట్టు. ఒకసారి వేడెక్కి పూర్తిగా చల్లారాక మళ్లీ పావు చుట్టు తిప్పండి.

నీలి సిలికాన్ పైపులు అడుగుతున్న కుర్రాళ్లకు: తెప్పిస్తాం, వేడికి బాగా ఆగుతాయి. నూనె కారే ఇంజన్‌కు మాత్రం వద్దు, మామూలు గాట్ల క్లిప్పూ వద్దు, కోసేస్తుంది.

చివరగా, పద్మిని, కాంటెస్సా కింది పైపుల కోసం అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు. తయారీదారు ఒక్కో ఆకారానికి వంద పీసులకు తక్కువైతే అచ్చు ఎత్తనంటున్నాడు, మనకు పది కూడా పోగవలేదు. ఆ ఆర్డర్లు వదిలేశాం, అడ్వాన్సు మొత్తం తిరిగిస్తున్నాం. శాంపిలుగా మీరిచ్చిన పాత పైపులకు బండి నంబరు చీటీ కట్టి కౌంటరు వెనక వేలాడదీశాం. అవీ పట్టుకెళ్లండి, రాడ్డు వంచేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి పనికొస్తాయి.