అమ్మ సోడియం సంగతి

తిరుపతి,
ఆదివారం

రేయ్ మామా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ ఎండలు మామూలే, పాప పరీక్షలు అయిపోయినాయి, ట్యాంకుగాడు నీ బాకీ తీర్చలేదు, తీర్చడు కూడా. అసలు సంగతికొస్తా.

అమ్మకు సోడియం 124 అని, కూరలో ఉప్పు పెంచమంటావా అని అడిగినావే, ఆగప్పా! ఉండాల్సింది 135 నుంచి 145. అది లీటరు రక్తానికి లెక్క. ఉప్పు తరక్కపోయినా నీళ్ళు ఎక్కువైతే చాలు, అంకె పడిపోతుంది.

రక్తం కాస్త పల్చబడగానే మెదడులోని హైపోథాలమస్ పసిగట్టి ఏడీహెచ్ హార్మోనును ఆపేస్తుంది. అది లేకుంటే కిడ్నీ గొట్టాలు నీళ్ళను వెనక్కి పీల్చలేవు, పల్చటి మూత్రంగా గంటకు ముప్పావు లీటరు దాకా తోసేస్తాయి. మరి అంకె పడిందంటే? చాలాసార్లు ఏడీహెచ్ ఆగలేదనే. ఎందుకాగలేదన్నదే తేల్చాలి.

వాంతులు, విరేచనాలైతే రక్తం పరిమాణం తగ్గి, ఒంటికి పల్చదనం కన్నా బీపీ ముఖ్యమైపోతుంది. అందుకే ఒళ్ళు కావాలనే ఏడీహెచ్‌ను వదులుతుంది, ఆల్డోస్టిరాన్ అనే ఇంకో హార్మోను ఉప్పును బిగబడుతుంది. మూత్రంలో సోడియం 30 లోపే. వీళ్ళకు సెలైన్ పనిచేస్తుంది. న్యుమోనియాలోనో, కొన్ని డిప్రెషన్ మాత్రలతోనో అయితే అవసరమే లేకుండా ఏడీహెచ్ ఊరుతూనే ఉంటుంది. మూత్రం చిక్కగా, సోడియం 30 పైన. వీళ్ళకు మామూలు సెలైన్ ఎక్కిస్తే ఉప్పు మూత్రంలో పోయి నీళ్ళు లోపల మిగిలిపోతాయి, అంకె ఇంకా దిగొచ్చు! విడ్డూరం కదా? వీళ్ళకు తాగే నీళ్ళు తగ్గించాలి.

ముందు అమ్మ బీపీ మాత్రల అట్ట చూడు. హైడ్రోక్లోరోథయాజైడ్, క్లోర్‌థాలిడోన్, ఇండపమైడ్... వీటిలో ఏదున్నా ఈరోజే డాక్టరుకు చూపించు. వయసైన ఆడవాళ్ళలో నా అనుమానం ముందు వీటిమీదకే పోతుంది. నీ అంతట నువ్వు ఆపొద్దు.

తొందరగా పెంచమని డాక్టరు వెంటపడొద్దు. సోడియం పడిన రెండు రోజుల్లో మెదడు కణాలు తమ లవణాలు వదిలేసి సర్దుకుంటాయి. ఆ తర్వాత గబగబా పెంచితే కణాల్లో నీళ్ళు బయటికొచ్చేసి నరాల పైపొర దెబ్బతింటుంది. మాట తడబడడం, మింగలేకపోవడం కొన్ని రోజులకు గానీ బయటపడవు. అందుకే 24 గంటల్లో పెరుగుదల 8 దాటనివ్వరు. ఫిట్స్, మగత వస్తే మాత్రం ఆలస్యం వద్దు, ఆసుపత్రికి పరిగెత్తు. అక్కడ 3 శాతం సెలైన్ 100, 150 మిల్లీలీటర్లు పది ఇరవై నిమిషాల్లో ఇస్తారు. అంకె నాలుగో ఆరో పెరిగితే గండం గడిచినట్టే.

అలిపిరి మెట్ల మొక్కు ఇప్పుడొద్దు. 3,550 మెట్లు, చెమటలో ఉప్పు పోతుంది, శ్రమకు ఏడీహెచ్ పెరుగుతుంది, పైగా మలుపు మలుపుకీ నువ్వు సీసా అందిస్తావు, తెలుసులే.

చిత్తూరు పోయే మనిషి వాకిట్లో హారన్ కొడతాండాడు. మూత్రం పరీక్ష రాసినారా లేదా, అది మాత్రం